మామయ్యగారు దిద్దిన బొమ్మలు

చిల్కానగర్,
16 సెప్టెంబరు 2007

మామయ్యగారికి నమస్కారాలు. అత్తయ్యగారికి వేరే చెప్పండి. మా అమృతకి ముద్దులు. మీరు పెట్టరని తెలుసు, అత్తయ్యగారితో పెట్టించండి.

మీరన్నదే నిజం, మనకి ఉత్తరాలే నయం. ఫోన్లో మీకు వినపడదు, నాకు ఏడుపాగదు. నేను కవరు అంటిస్తుంటే మా ఇంటావిడ సారలమ్మగారు చూసి, "ఏంది సుష్మా, గీ కాలంల గూడ ఉత్తరాలేంది?" అని ఒకటే నవ్వు.

బీయెడ్ కాలేజీ ఉప్పల్లోనే కాబట్టి నడిచే వెళ్తున్నాను. చౌరస్తాకి పోకుండా సందుల్లోంచి వెళ్ళే దారి సారలమ్మగారే చూపించారు. మీ అబ్బాయి స్కూటరు పడిన చోటుని రెండేళ్ళయినా నేను చూడలేకపోతున్నాను. ఇంక ఆ మాట వద్దు.

టీచింగ్ ప్రాక్టీసుకి నన్ను నాచారంలో ఒక బడికి వేశారు. ఆరో తరగతి, సోషల్. అంతా ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు. సైరన్ కూస్తే చాలు, మా నాన్న షిఫ్టు దిగిండు అని కిటికీల వైపు చూస్తారు.

ఇంతకీ అసలు సంగతి. మాకు హైమావతి మేడం అని ఒకావిడ ఉన్నారు, వరంగల్ ఆవిడ. మిగతావాళ్ళంతా రికార్డులు రాయమని ప్రాణం తీస్తుంటే ఈవిడ మాత్రం బొమ్మ గీయమంటారు. వారమంతా పాఠం చెప్పొచ్చాక శనివారం నాడు, నీ క్లాసు నీకెట్లా కనపడిందో గియ్యి అంటారు. బాగా గీయక్కర్లేదట. ఆ బొమ్మ మధ్యలో పెట్టుకుని అందరం మాట్లాడుకోవాలి. "మాటలైతే మీరు మస్తు చెప్తరు. బొమ్మల ఏం పెట్టిన్రో, ఏం పెట్టలేదో సూస్తే మీకే ఎరుకైతది" అంటారు.

నా బొమ్మ ఈ కవర్లోనే ఉంది. ఇంత పెద్ద బోర్డు, దాని ముందు నేను, బోర్డు వైపు తిరిగి రాస్తూ. వెనకాల పిల్లలు. వాళ్ళకి మొహాలు గీయలేదు, ఉత్త సున్నాలు చుట్టాను. ఎందుకని అడగకండి. డ్రాయింగు మాస్టారి కోడల్ని కదా, మీకు చూపించకుండా ఇవ్వడానికి మనసొప్పలేదు. ఎలా ఉందో రెండు ముక్కలు రాసి వెంటనే తిప్పి పంపండి.

పాప నన్ను అడుగుతోందా? రెండో ఏట మీ దగ్గర వదిలాను. ఈ ఒక్క ఏడాదీ గడిచి, ఎక్కడో అక్కడ టీచరు పని దొరికితే వచ్చే జూన్‌కి నా దగ్గరికి తెచ్చుకుంటాను. మీరు మాటిచ్చారు. నేను మర్చిపోలేదు, మీరూ మర్చిపోకండి.

మీ కోడలు
సుష్మ

రేపల్లె,
24-9-2007

సుష్మకు మామయ్య ఆశీస్సులు.

బొమ్మ అందింది. హవ్వ! ముప్ఫై ఏళ్ళు ఈ ఊరి పిల్లలందరి చేతా గీతలు దిద్దించినవాడి కోడలు గీసిన బొమ్మేనా ఇది? బెంచీకి మూడు కాళ్ళేమిటి? బోర్డు చూస్తే పక్కకి వాలిపోతోంది. అన్నిటికన్నా ఘోరం, టీచరు వీపు చూపించి నిలబడడం. చూసేవాడికి మొహం కనపడకపోతే అది బొమ్మే కాదు.

పొద్దున కాఫీ తాగి కూర్చున్నవాణ్ణి భోజనం వేళకి గాని లేవలేదు. మీ అత్తయ్య రెండుసార్లు కేకేసింది. నిన్ను రబ్బరుతో తుడిచి ఇటు తిప్పాను. చేతిలో సుద్దముక్క పెట్టాను. చీర కుచ్చిళ్ళు బ్రహ్మాండంగా కుదిరాయి, చూసుకో. నీ సున్నాలన్నిటికీ కళ్ళూ ముక్కూ పెట్టాను, నవ్వు కూడా పెట్టాను. ఇది తీసుకెళ్ళి ఇవ్వు. మీ మేడం పదికి పది వెయ్యకపోతే నన్నడుగు.

పాప బాగుంది. నాలుగు ఇడ్లీలు తింటోంది. మీ అత్తయ్య పక్కన తప్ప పడుకోదు. నిన్ను అడుగుతోందా అంటే, చిన్నపిల్ల కదమ్మా, ఆటలో పడిపోతుంది.

రామచంద్రరావు

చిల్కానగర్,
7 అక్టోబరు

మామయ్యగారికి నమస్కారం. ఎంత పని చేశారండీ!

మీ కవరు శుక్రవారం సాయంత్రం చేరితే, శనివారం పొద్దున విప్పకుండానే కాలేజీకి పట్టుకెళ్ళాను. అందరి మధ్యలో పెట్టి విప్పాను. హైమావతి మేడం కళ్ళజోడు సవరించుకుని, "గీ బొమ్మ ఎవలు గీసిన్రమ్మా? గింత మంచిగ నవ్వే పోరలు నాచారంల ఏ బళ్ళె ఉన్నరు? నేను గూడ ఆడికే పోత" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. నా పక్కన కూర్చునే హరిత అయితే చున్నీ నోట్లో కుక్కుకుంది. మా మామయ్యగారు దిద్దారు అని చెప్పేసరికి నాకు తల కొట్టేసినట్టయింది.

మళ్ళీ అక్కడే కూర్చోబెట్టి గీయించారు. మళ్ళీ వీపే వచ్చింది.

తప్పు కనపడాలనే గీయమన్నారు మామయ్యగారూ. మీరు దాన్నే తుడిచేశారు. మేడం ఊరుకోకుండా, "పీరియడంత బోర్డు మీద రాసుడేనా? పోరల దిక్కు తిరిగితే ఏమైతది నీకు?" అని అడిగారు. బోర్డు మీద ఉంటే రాతలో తప్పులు పోవని ఏదో అన్నాను. అసలు కారణం అది కాదని నాకూ తెలుసు. వాళ్ళు అల్లరి పిల్లలు కూడా కారు.

ఇంకో మాట. మీ ఉత్తరం మొదట్లో ఏదో రాసి కొట్టేశారు. కాగితం చిల్లుపడేలా కొట్టేశారు. వెలుతురుకి పెట్టి చూస్తే "చి.ల.సౌ." అని కనపడింది. నాకు ఆ రాత ఇక లేదని తెలుసు. అంత గట్టిగా కొట్టేయాలా? దసరాకి రాలేనని అత్తయ్యగారికి ఫోన్లో చెప్పానని కోపమా? దసరా సెలవుల్లో కూడా కాలేజీలో క్లాసులున్నాయి, రాకపోతే రోజులు చాలవని పరీక్షకి కూర్చోనివ్వరండీ.

సుష్మ

రేపల్లె,
15-10-2007

అమ్మాయీ,

ఇకనుంచి ఇలాగే పిలుస్తాను. ఇందులో కొట్టేసేదేమీ లేదు.

కోపం కాదు. పెళ్ళయి నువ్వు మా ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ చి.ల.సౌ. అని రాసిన చెయ్యి. అలవాటుగా రాసేసింది. రాశాక గుర్తొచ్చింది, గౌతమ్ లేడని. రోజూ గుర్తుంటుంది, కలం పట్టుకున్నప్పుడే మర్చిపోయాను. కొట్టేసింది నీ పేరు ముందు మాటని కాదు. నా మీద నాకే కోపమొచ్చింది. అంతే.

బొమ్మ సంగతికి సిగ్గుపడుతున్నాను. అయినా తప్పుగా గీసినదాన్ని తప్పుగానే ఉంచడమేమిటో ఈ వయసులో నా బుర్రకెక్కదు.

రామచంద్రరావు

చిల్కానగర్,
2 డిసెంబరు

మామయ్యగారికీ అత్తయ్యగారికీ నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. అమ్మాయీ అనే పిలవండి. మా నాన్నగారు కూడా అలాగే పిలిచేవారు.

ఇక్కడ చలి మొదలైంది. సారలమ్మగారి అల్లుడు తెలంగాణ మీటింగులని తిరుగుతుంటాడు. నిన్న మెట్ల మీద ఎదురై, "అక్కా, తెలంగాణ వస్తె నువ్వు మీ ఊరికి పోతవా?" అన్నాడు. "నా అల్లుని మాటకు ఏం ఫికర్ జెయ్యకు, నువ్వు నా ఇంట్లనే ఉండు" అని ఆవిడ పిండివంట ఇచ్చి పంపారు.

హైమావతి మేడం ఇప్పుడు కొత్త పద్ధతి పెట్టారు. క్యాలెండర్లలోంచీ వారపత్రికల్లోంచీ కత్తిరించిన బొమ్మలు ఒక పెట్టెడు తెచ్చారు. కొండలు, బస్సులు, గిన్నెలు, గొడుగులు, ఏవేవో. ఈ వారం నీ క్లాసు ఇందులో దేనిలా ఉందో ఏరుకో అంటారు. ఏరుకుని, ముందు బొమ్మలో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. నీ ఊహ తర్వాత.

హరిత గొడుగు ఏరుకుంది. నా చెయ్యి తాళం వేసిన తలుపు మీదికి పోయింది. పాత చెక్క తలుపు, గొళ్ళేనికి ఇంత పెద్ద తాళం. మేడం ఇంటికి పట్టుకెళ్ళనిచ్చారు. మీకు పంపుతున్నాను. ఈసారి దిద్దడానికి మీకేమీ లేదులెండి, అచ్చు బొమ్మ!

పాప గీసిన బొమ్మ ఏదైనా ఉంటే పంపండి మామయ్యగారూ. పిచ్చిగీతలైనా సరే.

సుష్మ

రేపల్లె,
23-12-2007

అమ్మాయీ,

నువ్వు పంపిన బొమ్మతో ఇంట్లో పెద్ద గొడవే అయింది. నేను పెరట్లో ఉండగా మీ అత్తయ్య కవరు విప్పింది. ఉత్తరం చదవలేదు, కళ్ళజోడు దొరకలేదట, బొమ్మ మాత్రం చూసింది. "చూశారా, ఇప్పట్నుంచే మనకి తాళం వేసి చూపిస్తోంది. జూన్‌లో పిల్లని తీసుకుపోయాక ఆ గుమ్మం తొక్కనివ్వదు" అని ఒకటే ఏడుపు. "అది క్లాసు గురించి ఏరుకున్న బొమ్మే, రాజ్యం" అని ఉత్తరం అంతా చదివి వినిపించాను. "తలుపులు ఇన్ని రకాలుంటే తాళం వేసిందే ఎందుకు ఏరుకుంది?" అంది.

ఉన్నమాట చెప్పాలంటే నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది. అలాంటి ఉద్దేశం ఏదైనా ఉంటే మమ్మల్ని ఇలా బొమ్మలతో చంపకు తల్లీ, మాటతో చెప్పు. ఆవిడ కొడుకుని ఉప్పల్ పంపించి పోగొట్టుకుంది. ఇప్పుడు మనవరాలు కూడా ఉప్పలే అంటే ఆవిడ గుండె ఎలా ఒప్పుకుంటుంది?

పాప గీసిన బొమ్మ పంపుతున్నాను. ఇల్లు, నేను, నానమ్మ, తను. గేటు దగ్గర సంచీతో నిలబడింది నువ్వు.

రామచంద్రరావు

చిల్కానగర్,
20 జనవరి 2008

మామయ్యగారికి నమస్కారం.

ముందు అత్తయ్యగారికి చెప్పండి. ఆ తాళం నాకు నేను వేసుకున్నది. మిమ్మల్ని బయట పెట్టడానికి కాదు. నా ఇల్లు అంటూ ఉంటే అందులో ముందు కూర్చునేది ఆవిడే.

పాప బొమ్మ వచ్చిన రోజు నా కాళ్ళు నేల మీద లేవు. సారలమ్మగారికి చూపించాను, పాలబ్బాయికి కూడా చూపించాను. గేటు దగ్గర అమ్మ! సంచీ కూడా మర్చిపోలేదు నా తల్లి! శనివారం పెట్టెలోంచి బొమ్మ ఏరుకోకుండా, ఈసారి నా దగ్గరే బొమ్మ ఉంది అని గర్వంగా మధ్యలో పెట్టాను.

మేడం ఎప్పటిలాగే, "ముందు ఉన్నది చెప్పు" అన్నారు. మొదలుపెట్టాను. ఇల్లు, రంగు పెన్సిల్, గీత వంకర. తాతయ్య, గీత వంకర, కాళ్ళు పుల్లలు. నానమ్మ, పాప, అలాగే. నాలుగో మనిషి దగ్గరికొచ్చి ఆగిపోయాను. గీత వంకర పోలేదు. మెడ దగ్గర నీడ వేసి ఉంది. చీర కుచ్చిళ్ళు బ్రహ్మాండంగా కుదిరాయి.

అది మీరు గీశారు మామయ్యగారూ. పాప నన్ను గీయలేదు.

నేను అందరి ముందూ బావురుమన్నాను. హరిత నీళ్ళు తెచ్చింది. మేడం పక్కకొచ్చి కూర్చున్నారు. అప్పుడు నేనే చెప్పాను, ఎన్నాళ్ళుగానో ఆవిడ అడుగుతున్నదానికి జవాబు. పిల్లల వైపు తిరిగితే వాళ్ళందరూ "టీచర్, టీచర్" అని నా మొహంలోకి చూస్తారు. సొంతపిల్లని వదిలొచ్చి ఎవరి పిల్లలకో నా మొహం ఎలా చూపించను? అందుకే పీరియడంతా బోర్డు మీద రాసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయేదాన్ని. ఇది అప్పటిదాకా నాకే తెలీదు. ఆవిడ, "ఏడ్వు బిడ్డా. గిప్పుడు తిరుగుతవు నువ్వు" అన్నారు.

మీ మీద నాకు కోపం లేదు. నేను బాధపడకూడదనే చేశారు. కానీ పాప ఏం గీసిందో అదే నాకు కావాలి. నేను లేకపోతే లేనట్టే పంపండి.

సుష్మ

రేపల్లె,
25-5-2008

అమ్మాయీ,

నీ జనవరి ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. నువ్వు మధ్యలో వేసిన కార్డులు అందాయి. ఎలా రాయను?

ఉన్నది చెప్తాను. పాప ముగ్గుర్ని గీసి కాగితం నా చేతికిచ్చింది. అమ్మ ఏదమ్మా అన్నాను. "అయిపోయింది తాతయ్యా" అని ఆడుకోవడానికి పోయింది. ఆ కాగితం అలాగే నీకు పంపడానికి నాకు చేతులు రాలేదు. నా జీవితంలో ఏ పిల్ల బొమ్మ మీదా దొంగచాటుగా చెయ్యి పెట్టలేదు, దిద్దితే చెప్పే దిద్దాను. ఇదొక్కటే.

మేడిపల్లి బళ్ళో నీకు ఉద్యోగం వచ్చిందన్న కార్డు చూసి నేనే స్వీటు తెచ్చాను. మీ అత్తయ్య ముట్టుకోలేదు. "రెండేళ్ళూ దాటాయి, ఇప్పుడు పిల్లని విడదీస్తే అది ఉండలేదు" అంటుంది. ఎవరు ఉండలేరో నాకు తెలుసు. ఇంకో ఏడాది ఆగమని నీకు రాయమంది. నేను రాయనన్నాను. ఇంకో ఏడాది పోతే గేటు దగ్గర నిన్ను నేను గీయడం కూడా దండగవుతుంది.

జూన్ రెండో వారంలో డెల్టా ప్యాసింజర్‌లో నేనే పాపని తీసుకొస్తాను. ఆవిడ రాదు. ఉప్పల్ పేరెత్తనివ్వదు. పాప బట్టలు తనే సర్దుతానంది, అదే పదివేలు. నేను వచ్చేశాక పిల్ల ఎలా ఉందో ఉన్నదున్నట్టు రాయి. మమ్మల్ని ఓదార్చడానికి ఏదీ కల్పించకు.

రామచంద్రరావు

చిల్కానగర్,
29 జూన్ 2008

మామయ్యగారికి, అత్తయ్యగారికి నమస్కారాలు.

ఉన్నదున్నట్టే రాస్తున్నాను. అత్తయ్యగారికి చదివి వినిపించాలో వద్దో మీరే చూసుకోండి.

పాప ఆరోగ్యంగా ఉంది. మీరు వెళ్ళిన రోజు బడి నుంచి వచ్చి ఇల్లంతా తిరిగి చూసింది. తాతయ్య ఏరని ఒక్కసారే అడిగింది. ఊరెళ్ళారు అన్నాను. ఏడవలేదు. ఏడిస్తే ఎత్తుకునేదాన్ని. అప్పట్నుంచీ కూడా ఏడవలేదు. తన గౌను తనే మడత పెట్టుకుంటుంది. పెట్టింది తింటుంది. చుట్టాలింటికి వచ్చినదానిలా ఉంటోంది మామయ్యగారూ.

బళ్ళో కొత్తవాళ్ళకి ముందు చిన్నపిల్లల్నే ఇస్తారట, అందుకని ఎల్కేజీ నాకే ఇచ్చారు. పాపా అందులోనే. నేను ఇప్పుడు బోర్డు వైపు తిరిగి నిలబడడం లేదు. ఒక్కొక్క మొహమూ చూస్తూ పాఠం చెప్తున్నాను, మా అమృత మొహం కూడా. హైమావతి మేడం మొన్న దారిలో కనిపిస్తే ఈ మాట చెప్పాను, సంతోషించారు. మిగతాది చెప్పలేదు.

బళ్ళో అందరితో పాటు అదీ నన్ను టీచర్ అంటుంది. అక్కడ ఫరవాలేదు, అక్కడ అలాగే అనాలి. ఇంటికొచ్చాక కూడా అదే. నీళ్ళు తాగాలన్నా చెయ్యెత్తి అడుగుతోంది. బస్సులోనే చెప్పి చూశాను, "ఇంట్లో నేను టీచర్ని కాదమ్మా, అమ్మని" అని. బుద్ధిగా తలూపి, "సరే టీచర్" అంది. చిన్నపిల్ల, అలవాటవుతుందిలే అని సారలమ్మగారూ అన్నారు, నేనూ అనుకున్నాను. అత్తయ్యగారు ఏమైనా నూరిపోశారేమో అని కూడా అనుకున్నాను. క్షమించమనండి. అది కాదని నిన్న తెలిసింది.

నిన్న అన్నం కలుపుతుంటే పాప వెళ్ళి తన బట్టల సంచీ అడుగు నుంచి మా పెళ్ళి ఫోటో తెచ్చింది. అత్తయ్యగారు బట్టల మధ్య పెట్టి పంపారు కాబోలు. దాన్ని నా ముందు పెట్టి, హైమావతి మేడం మాకు నేర్పినట్టే, వేలు పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "ఇది మా అమ్మ. ఇది మా నాన్న. రోజూ నానమ్మ చూపిస్తుంది. ఇద్దరూ ఊరెళ్ళారు. నేను మంచిగా ఉంటే వస్తారు."

ఫోటోలో నాకు నుదుటికి బాసికం, ఇంత బొట్టు, భుజం మీదికి పూలజడ. ఆయన పక్కన నవ్వుతున్నాను. ఇప్పుడు ఈ కళ్ళజోడు, ముడి, కనపడీ కనపడని స్టిక్కరు. నేను కూడా కాసేపు ఎవరో అన్నట్టే చూశాను. అత్తయ్యగారిని నేనేమీ అనను. పసిదానికి నాన్న ఏడని అడిగితే ఆవిడ మాత్రం ఏం చెప్తుంది? నేనైనా అంతే చెప్పేదాన్నేమో. నేను మీ ఇంటికి వచ్చినప్పుడల్లా పాప ఎందుకు నానమ్మ వెనక దాక్కునేదో నాకు ఇప్పుడు తెలిసింది. అమ్మ వచ్చిందని మనం ఎంత చెప్పినా, దానికి వచ్చింది ఒక్కత్తే. ఫోటోలో ఉన్నది ఇద్దరు.

నేనే అమ్మని అందామని నోరు తెరిచాను. నేను అమ్మనైతే నాన్న ఏడి అంటుంది. మళ్ళీ అన్నం కలపసాగాను.

ఫోటో ఒళ్ళో పెట్టుకుని నా మొహంలోకి చూసి, "టీచర్, నేను మంచిగానే ఉంటున్నాను కదా. మా అమ్మ ఎప్పుడొస్తుంది?" అంది.

"వస్తుందమ్మా. నువ్వు అన్నం తిను" అన్నాను. తింది.

మీ కోడలు
సుష్మ